మీరు ఏడిస్తే జనం నవ్వుతారా? నవ్వనివ్వండి

ఉత్తరం: "నాకు 46 ఏళ్లు. తెనాలి దగ్గర ఒక ఊళ్లో ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. చిన్నప్పటి నుంచీ నాటకాల పిచ్చి. ఇరవై ఏళ్లుగా పరిషత్తు పోటీల్లో వేషాలు వేస్తున్నాను. పనిమనిషి, గయ్యాళి అత్త, పక్కింటి పిన్నిగారు, వడ్డీలకు తిప్పే బామ్మ. ఎప్పుడూ ఇవే పాత్రలు. మనిషిని కాస్త లావు, గొంతు బొంగురు. నేను ప్రవేశిస్తే చాలు, నోరు విప్పకముందే నవ్వులు మొదలవుతాయి. ఇంట్లో అద్దాల బీరువాలో ఉత్తమ హాస్యనటి జ్ఞాపికలు నాలుగు ఉన్నాయి. నిరుడు మా సమాజం వాళ్లు వేసిన నాటికలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి పాత్ర నాకివ్వమని అడిగాను. దర్శకుడు ఎగతాళి చేయలేదు, మంచివాడే. 'మీరు ఏడిస్తే జనం నవ్వుతారండీ' అన్నాడు, అంతే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఈమధ్య మా అమ్మాయి 'సెరాఫీన్' అనే ఫ్రెంచి సినిమా చూపించింది. అందులో ఇళ్లలో పాచిపని చేసుకునే మనిషిగా వేసిన యోలాండ్ మోరోను చూసి ఆ రాత్రి నిద్రపోలేదు. ఆకారంలో అచ్చం నాలాగే ఉంది. ఆమె అసలు హాస్యనటి అని అమ్మాయి చెబితే నమ్మలేకపోయాను. అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చింది? నేను హాస్య పాత్రలు మానేస్తే తప్ప నన్ను నటిగా చూడరా? ఉద్యోగం వదిలేసి పూర్తిగా ఇందులోకి దిగమని ఒక స్నేహితురాలు అంటోంది. వయసు మించిపోయింది, ఇక ఊరుకోమని మావారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?" ‒ ఒక పాఠకురాలు, తెనాలి.

అమ్మా,

ఆంధ్రా పారిస్ అని పేరున్న ఊరి నుంచి రాశారు కాబట్టి ముందుగా ఒక చిన్న సంగతి. యోలాండ్ మోరోది పారిస్ కాదు, బెల్జియం. 1953 ఫిబ్రవరి 27న బ్రస్సెల్స్‌లో పుట్టింది. ఊరి పేరు కోసం ఇది చెప్పడం లేదు. బెల్జియం వాళ్ల యాస మీద, వాళ్ల అమాయకత్వం మీద ఛలోక్తులు విసురుకోవడం ఫ్రాన్సులో పాత అలవాటు. 'బెల్జియం కథలు' అని ఆ హాస్యాలకు ఏకంగా ఒక పేరే స్థిరపడింది. అంటే, నోరు విప్పకముందే నవ్వడానికి సిద్ధంగా కూర్చున్న జనం ముందుకే ఆమె కూడా వెళ్లింది. మీ ఇద్దరికీ పోలిక ఆకారంలో కంటే ఇక్కడ ఎక్కువగా ఉంది.

మీ దర్శకుడి మాట దగ్గరికి వద్దాం. మీరు ఏడిస్తే జనం నవ్వుతారన్నాడు. నిజమే అయి ఉండవచ్చు. ఇరవై ఏళ్లుగా మిమ్మల్ని చూసి నవ్వడం అలవాటైన వాళ్లు మొదటి నిమిషంలో నవ్వే తీరుతారు. అయితే అది మీ లోపమని ఆయన అనుకున్నాడు, మీరూ ఒప్పుకున్నారు. నా పేచీ అక్కడే.

2001లో వచ్చిన 'అమేలీ' సినిమా మీ అమ్మాయి దగ్గర ఉంటే అది కూడా పెట్టించుకుని చూడండి. పారిస్‌లో మోమార్త్ర్ అనే పేట. ఒక పాత భవనం. కింద వాటాలో ఉండే కాపలామనిషి మన మోరోనే. పాత్ర పేరు మదలేన్ వాలాస్. ఫ్రెంచి వాళ్లు వెక్కి వెక్కి ఏడ్చేవాళ్లను 'మదలేన్‌లా ఏడుస్తున్నారు' అంటారు. బైబిల్లోని మగ్దలేన మరియ కన్నీళ్ల మీద పుట్టిన నుడికారం అది. ఇక వాలాస్ అంటే, పారిస్ వీధుల్లో దారినపోయేవాళ్ల దాహం తీర్చడానికి 1872 నుంచి నిలబెట్టిన ఆకుపచ్చ ఇనుప కుళాయిల పేరు. పేరుకు ముందూ నీళ్లే, వెనకా నీళ్లే. ఏడవడానికే పుట్టానని ఆవిడ తన పేరు విప్పి మరీ చెప్పుకుంటుంది. మొగుడు ఆఫీసు డబ్బు పట్టుకుని సెక్రటరీతో పరారై ఎక్కడో దేశంకాని దేశంలో పోయాడు. ఆ బెంగతో కుక్క కూడా పోయింది. పోయిన కుక్కను లోపల కూరించి బొమ్మలా నిలబెట్టి ఇంట్లోనే ఉంచుకుంది. అది యజమాని పటం వంకే చూస్తూ ఉంటుంది.

చదువుతుంటేనే నవ్వు వస్తోంది కదా? తెర మీద కూడా వస్తుంది. కానీ ఆమెను గమనించండి. నవ్వించడానికి కనుబొమ్మ కూడా ఎత్తదు. గ్లాసులో ఇంత మద్యం పోసి, భర్త పాత ఉత్తరాలు తీసి, తన దగ్గరికి వచ్చిన కథానాయిక అమేలీకి చదివి వినిపిస్తుంది. ఆ ఉత్తరాలు ఆమెకు ప్రాణం. మనం నవ్వుతూ నవ్వుతూ ఎక్కడో ఆగిపోతాం. నవ్వినందుకు లోపల కాస్త సిగ్గు కూడా వేస్తుంది. ఆ సిగ్గే ఆమె సంపాదన. అందంగా ఏడ్చే నటికి ప్రేక్షకుడి దగ్గర అది ఎన్నటికీ దొరకదు, ఎందుకంటే ఆ నటిని చూసి ప్రేక్షకుడు ముందు నవ్వి ఉండడు.

మీ రెండో బాధ పాత్రల గురించి. ఎప్పుడూ పనిమనిషి వేషమేనా అని. మీ జాబితా పక్కన ఆమె జాబితా పెట్టి చూద్దాం. 1985లో ఆన్యెస్ వర్దా అనే గొప్ప దర్శకురాలు తీసిన 'సాఁ త్వా ని ల్వా' అనే సినిమా వెనిస్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గెలుచుకుంది. ఇల్లూ వాకిలీ లేకుండా చలికాలమంతా రోడ్ల మీద తిరిగి చనిపోయిన ఒక అమ్మాయి కథ అది. అందులో ఒక ముసలి జమీందారిణి లాంటావిడ ఇంట్లో పనిమనిషి మోరో. పదహారేళ్ల తర్వాత 'అమేలీ'లో కాపలామనిషి. 2008లో 'సెరాఫీన్', పాచిపని. 2023లో తనే రాసి, తనే తీసిన సినిమాలో ఒక చిత్రకళాశాల క్యాంటీన్లో వడ్డించే మనిషి. ముప్పై ఎనిమిదేళ్ల కాలంలో చేతిలో చీపురు, గరిట పెద్దగా మారలేదు. ఆ చీపురు పట్టుకున్న మనిషి దగ్గర కెమెరా ఎంతసేపు నిలబడిందన్నదే మారింది. 1985లో ఆమె కథకు పక్కన ఉంది. 2008లో కథ అంతా ఆమె వెంట నడిచింది.

అందుకని పనిమనిషి వేషం వద్దనకండి. ఆ పనిమనిషి తెర వెనక్కి వెళ్లిపోయాక ఏం చేస్తుందో మీ నాటిక రచయితలకు తెలియదు, వాళ్లు ఎప్పుడూ ఆలోచించలేదు. మీకు తెలుసు కదా.

సరే, కెమెరా ఆమె దగ్గరికి ఎలా వచ్చింది? దీని జవాబు కోసమే మీరు ఉత్తరం రాశారు కాబట్టి కాస్త నింపాదిగా చెబుతాను.

మొదట్లో ఆమె పిల్లల నాటకాల్లో వేసేది. 1982లో, 29 ఏళ్ల వయసులో, తన కోసం తనే ఒక ఏకపాత్ర ప్రదర్శన తయారు చేసుకుంది. దాని పేరును మన భాషలో చెప్పుకోవాలంటే 'పాడు వ్యవహారం' అనాలి. పేరులోనే నేరమూ శృంగారమూ రెండూ ఉన్నాయి. ప్రియుణ్ని చంపేసిన ఒక మనిషి వేదిక మీదికి వస్తుంది. ముఖానికి వికారమైన ముసుగు. ఆమె తన నేరం చెప్పుకుంటూనే కొత్త ప్రేమికుడి కోసం ప్రేక్షకుల్లో వెతుకుతుంది. ఒక మగవాణ్ని ఎంచుకుని 'పూసాఁ' అని పిలుస్తుంది. కోడిపిల్ల అని అర్థం, వాళ్ల భాషలో ముద్దుపేరు. ఆ పెద్దమనిషి సిగ్గుతో ముడుచుకుపోతుంటే హాలంతా నవ్వులు. చంపిన చేతులే ఇప్పుడు ప్రేమగా పిలుస్తున్నాయన్న సంగతి మాత్రం ఎవరూ మరిచిపోలేరు.

చూశారా? ఎవరో మంచి పాత్ర ఇస్తారని ఆమె కూర్చోలేదు. ఏడుపూ నవ్వూ భయమూ అన్నీ కలిపి ఒక్క మనిషిలో పోసి, ఆ మనిషిని తనే రాసుకుంది. 1984లో వర్దా ఒక చిన్న చిత్రంలోకి, మరుసటి ఏడు పెద్ద చిత్రంలోకి పిలిచేసరికి ఆమె చేతిలో చూపించడానికి ఒక సొంత సరుకు ఉంది.

మీరు చూసిన సినిమాలోని అసలు సెరాఫీన్ కథ దీనికి పూర్తిగా ఎదురు. ఆమె కల్పిత పాత్ర కాదు. 1864లో పుట్టి, చిన్నప్పుడు గొర్రెలు కాచి, తర్వాత కన్యకల మఠంలోనూ ఇళ్లలోనూ ఊడిగం చేసిన నిజమైన మనిషి. పారిస్‌కు ఉత్తరాన సాన్లిస్ అనే పట్టణంలో పగలంతా పాచిపని, రాత్రి దీపం వెలుగులో బొమ్మలు. 1912లో విల్‌హెల్మ్ ఊడె అనే జర్మన్ కళాసేకర్త ఒక ఇంట్లో యాపిల్ పళ్ల బొమ్మ చూసి, ఇది ఎవరు వేశారని అడిగితే తేలింది ‒ తన ఇంట్లో పాచిపని చేసే మనిషే! పికాసో బొమ్మలను అందరికంటే ముందు కొన్నవాళ్లలో ఊడె ఒకడు. అప్పటికి సెరాఫీన్‌కు దాదాపు 48 ఏళ్లు. రెండేళ్లలో యుద్ధం వచ్చింది, ఆయన పారిపోయాడు. 1927లో మళ్లీ వచ్చి ఆమెను వెతుక్కున్నాడు, డబ్బిచ్చాడు, రెండు మీటర్ల ఎత్తు కాన్వాసులు వేయించాడు. ఆర్థిక మాంద్యం వచ్చి ఆయన చేయి ముడుచుకున్నాక ఆమె మనసు చెదిరింది. 1932లో పిచ్చాసుపత్రికి చేర్చారు. 1942లో అక్కడే పోయింది.

సెరాఫీన్ గుర్తింపు అంతా ఒక మనిషి రాకపోకల మీద ఆధారపడింది. ఊడె వస్తే వెలుగు, ఊడె వెళితే చీకటి. ఆ వేషం వేసిన మోరో ఏ ఊడె కోసమూ ఎదురుచూడలేదు. మీరు సెరాఫీన్‌ను చూసి నిద్రపోలేదంటే అర్థం చేసుకోగలను. కానీ ఆమె దగ్గర నేర్చుకోకండి. ఆ వేషం వేసినావిడ దగ్గర నేర్చుకోండి. నిజం చెప్పండి, తల్లి పాత్ర అడిగి, ఆయన కాదంటే ఏడాది పాటు కుమిలిపోయారే, మీ దర్శకుణ్ని మీ ఊడెను చేసుకున్నట్టు కాదా అది?

మోరో తర్వాతి అడుగులు చెప్పుకుందాం. 1989లో జెరోమ్ దెషాఁ, మాషా మకెయెఫ్ అనే ఇద్దరు నడిపే నాటక బృందంలో చేరింది. ఆ బృందమే 1993 నుంచి కనాల్ ప్లుస్ అనే టీవీలో 'లే దెషియాఁ' పేరుతో చిన్న చిన్న హాస్య ఘట్టాలు వేసింది. కదలని కెమెరా ముందు, కాలం చెల్లిన పువ్వుల గౌన్లు, బిగుతు స్వెట్టర్లు వేసుకున్న మనుషులు నిలబడి అర్థంపర్థం లేని సంగతులు మహా గంభీరంగా మాట్లాడతారు. ఫ్రాన్సంతా నవ్వింది. ఊరివాళ్లను, లేనివాళ్లను వెక్కిరిస్తున్నారని విమర్శ కూడా వచ్చింది. నాకూ కొన్ని చూసినప్పుడు అలాగే అనిపించింది. మోరో ఉన్న ఘట్టాల్లో మాత్రం అలా అనిపించదు. మొద్దుచూపుతో, నెమ్మదిగా, మాటకూ మాటకూ మధ్య ఒక బస్సు పోయేంత ఖాళీ వదిలి మాట్లాడుతుంది. ఆ ఖాళీలో మనకు మరో మనిషి కనిపిస్తుంది. ఇక్కడ సుమారు పదేళ్లు గడిచాయి. ఈ పదేళ్లూ ఆమెను దేశమంతా గుర్తుపట్టింది, హాస్యనటిగానే. మీ నాలుగు జ్ఞాపికల లాగానే.

ఇక 2004. అప్పటికి ఆమెకు 51. ఇరవై రెండేళ్ల కిందటి తన ఏకపాత్రను బయటికి తీసింది. జిల్ పోర్ట్ అనే ఛాయాగ్రాహకుడితో కలిసి దాని చుట్టూ ఒక సినిమా అల్లింది. పేరు 'కాఁ లా మేర్ మోఁత్', సముద్రం పొంగినప్పుడు అని. ఐరీన్ అనే నటి అదే 'పాడు వ్యవహారం' ప్రదర్శన పట్టుకుని ఉత్తర ఫ్రాన్సులో ఊరూరా తిరుగుతూ ఉంటుంది. ఇంటి దగ్గర భర్త, బిడ్డ, ఫోను మాటలు. దారిలో కారు ఆగిపోతే డ్రీస్ అనే అతను సాయం చేస్తాడు. కృతజ్ఞతగా టికెట్టు ఇస్తే ప్రదర్శనకు వచ్చి, ఆ రాత్రి ఆమె 'కోడిపిల్ల' అవుతాడు. తర్వాత ఊళ్లకు కూడా వస్తాడు. వేదిక మీది ప్రేమ కింద కూడా మొదలవుతుంది.

అతను చేసే పని ఏమిటో తెలుసా? ఉత్సవాల్లో పెద్ద పెద్ద బొమ్మలను మోయడం. బెల్జియంలో, ఉత్తర ఫ్రాన్సులో ఊరేగింపుల్లో 'జెయాఁ'లు, అంటే రాక్షసాకారాలు, తిరుగుతాయి. బుట్ట అల్లి, పైన బట్ట కట్టి, లోపల మనిషి దూరి నడిపిస్తాడు. మీకు వివరించనక్కరలేదు, మన గుడి ఉత్సవాల్లో తిరిగే బుట్టబొమ్మలే. పైకి నవ్వు మొహం, లోపల చెమటోడుస్తూ ఒక మనిషి. హాస్యనటి ప్రేమించదగిన మగవాడు ఇంకెవరుంటారు చెప్పండి?

ఆ సినిమాకు ఫ్రాన్సు వాళ్ల సెజార్ పురస్కారాలు రెండు వచ్చాయి. ఉత్తమ తొలి చిత్రం, ఉత్తమ నటి. ఆ సభ జరిగింది 2005 ఫిబ్రవరి 26న. తెల్లవారితే ఆమెకు 52 నిండుతాయి. 'సెరాఫీన్'కు రెండోసారి ఉత్తమ నటి పురస్కారం అందుకున్న రోజు 2009 ఫిబ్రవరి 27. సరిగ్గా 56వ పుట్టినరోజు. మీవారికి ఈ రెండు తేదీలు చూపించండి. వాదించవద్దు, చూపించి ఊరుకోండి.

'సెరాఫీన్' గురించి ఒక్క మాట చెప్పక తప్పదు, ఎందుకంటే మీరు ఆమెను చూసి కదిలిపోయారు గానీ నాకు మాత్రం అందులో ఆమె చేతులే గుర్తున్నాయి. మార్టిన్ ప్రోవో తీసిన ఆ సినిమా మళ్లీ చూడండి, ఈసారి ముఖం చూడకండి. మాంసం కొట్టు దగ్గర కాలేయం నుంచి కారే నెత్తురును ఎవరూ చూడకుండా చిన్న సీసాలోకి వంచుకునే చేతులు. చర్చిలో దీపం నూనె దొంగిలించే చేతులు. మోకాళ్ల మీద కూర్చుని నేల రుద్దే చేతులు. రాత్రి అదే వేళ్లతో రంగు నూరి, చెక్క మీద అద్దుతుంటుంది. పగలు నేల రుద్దిన బలమే రాత్రి బొమ్మలోకి వస్తుంది. ఆ నెత్తురు వంచుకునే ఘట్టం చూడండి, ఒక కొంటె పిల్ల దొంగతనం చేస్తున్నట్టే ఉంటుంది. నవ్వు వస్తుంది. లే దెషియాఁలో పదేళ్లు వేసిన మనిషి కాకపోతే ఆ ఘట్టం అలా పండదు. భక్తిగా, బరువుగా వేసే నటి చేతిలో అది వట్టి దయనీయమైన దృశ్యం అయ్యేది.

ఇంకో సంగతి. 'సెరాఫీన్' విడుదలైన 2008లోనే, కొద్ది నెలల తేడాతో 'లూయీజ్ మిషెల్' అనే మరో సినిమా వచ్చింది. యజమాని రాత్రికి రాత్రి ఫ్యాక్టరీ ఎత్తేసి పోతే, కార్మికులంతా తమకు వచ్చిన పరిహారం డబ్బు కూడేసి ఆ యజమానిని చంపడానికి ఒక కిరాయి హంతకుణ్ని పెట్టుకుంటారు. అంతా కటిక హాస్యం. ఆ ఆలోచన పుట్టించే కార్మికురాలు మోరోనే. ఒకే ఏడు ఒక చేత్తో సెరాఫీన్, ఇంకో చేత్తో ఇది. ఆ తర్వాత కూడా దేవుడి భార్యగా ఒక హాస్య చిత్రంలో, మొగుణ్ని చంపిన బాధితురాలిగా ఒక గంభీర చిత్రంలో, ఫ్రేఎల్ అనే పాతకాలపు గాయనిగా మరొక దాంట్లో కనిపించింది. మధ్యలో 2013లో దర్శకురాలిగా రెండో సినిమా. కాబట్టి హాస్య పాత్రలు మానేయాలా అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఒక్కటే: వద్దు. మానేస్తే మీ దగ్గర మిగిలేది, అందరి దగ్గరా ఉన్నదే.

ఉద్యోగం సంగతి. మీ స్నేహితురాలికి నా తరఫున నమస్కారం చెప్పి, ఆ మాట మాత్రం వినకండి. ఫ్రాన్సులో రంగస్థల, సినిమా కళాకారులకు ప్రత్యేకమైన నిరుద్యోగ భృతి పద్ధతి ఒకటి ఉంది. పన్నెండు నెలల్లో 507 గంటలు పని చేసినట్టు చూపిస్తే, పని లేని రోజుల్లో భృతి వస్తుంది. దాని మీద గొడవలు, సమ్మెలు ఎన్నో జరిగాయి. ఏమైనా ఒక బృందం ఏళ్ల తరబడి కలిసి నిలవడానికి అలాంటి ఆసరా పెద్ద బలం. మన పరిషత్తు నటులకు ఏముంది? దారి ఖర్చులు, రాత్రి భోజనం, ఒక శాలువా. వాళ్ల దారిని మెచ్చుకుందాం గానీ వాళ్ల కింద పరిచిన వల మన కింద కూడా ఉందనుకుని దూకవద్దు. మీ జీతమే మీ వల. పైగా మీకు ఎండాకాలం సెలవులు ఉన్నాయి, దసరా, సంక్రాంతి సెలవులు ఉన్నాయి. గుమాస్తా పని చేసుకుంటూ నాటకాలు వేసేవాళ్లకు అది కూడా లేదు.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. పాతిక నిమిషాలకు మించని ఏకపాత్ర ఒకటి రాసుకోండి. ఏకపాత్ర అనగానే గద భుజాన వేసుకోనవసరం లేదు. (నేను కాలేజీలో దుర్యోధనుడు వేసి, అట్టముక్కలతో చేసిన గద ఠీవిగా తిప్పబోతే అది రెండు ముక్కలై ప్రిన్సిపాల్ ఒళ్లో పడింది. ఆ నవ్వులకు భయపడి మళ్లీ వేదిక ఎక్కలేదు. అందుకే ఇలా కాలమ్ రాసుకుంటున్నాను.) మీ బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఉంటారు కదా. ఒక నెల రోజులు ఆమెను గమనించండి. మెతుకు పట్టి చూసే తీరు, కొంగుతో చేతులు తుడుచుకునే తీరు, గుడ్లు లెక్కపెడుతూ మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టే తీరు. ఆమె ఇంటి కష్టాలు, ఆమె సొంత సంగతులు మాత్రం వేదిక ఎక్కించవద్దు. అవి ఆమెవి. చేతులు, నడక, ఊపిరి తీసుకోండి. కథ మీరు అల్లుకోండి.

ఆ కథలోకి మీకు దక్కని తల్లి పాత్రను తీసుకురండి. బిడ్డను పోగొట్టుకున్న మనిషి, రెండు వందల మంది పిల్లలకు వండిపెడుతోంది. రోజూ ఒక గుడ్డు ఎక్కువ ఉడకబెడుతుంది. ఎందుకో చెప్పదు. లెక్క తప్పిందని హెడ్మాస్టరు కేకలేస్తాడు. మొదటి పది నిమిషాలు ఆ లెక్కల మీద, హెడ్మాస్టరు మీద, కూరలో ఉప్పు మీద మీకు వచ్చిన హాస్యమంతా కురిపించండి. జనాన్ని కడుపుబ్బ నవ్వించండి. పదకొండో నిమిషంలో మిగిలిపోయిన ఆ ఒక్క గుడ్డు పెంకు ఒలవండి. మాట వద్దు. కన్నీళ్లు వద్దు. ఒలిచిన గుడ్డు చేతిలో పెట్టుకుని, ఎవరికి పెట్టాలో తెలియక నిలబడండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. మీరు ఆ నవ్వు ఆగేవరకూ కదలకుండా నిలబడగలిగితే చాలు. ఎన్ని సెకన్లు నిలబడగలరో అద్దం ముందు కాదు, మీ అమ్మాయి ముందు చూసుకోండి. మొదట్లో మీకే నవ్వు వస్తుంది, ఏదో ఒక డైలాగు వేసి తప్పించుకోవాలనిపిస్తుంది. ఇరవై ఏళ్ల అలవాటు కదా. ఆ తప్పించుకోవడం మానడానికే రిహార్సల్స్.

మొదటి ప్రదర్శన పరిషత్తులో వద్దు. అక్కడ మిమ్మల్ని గయ్యాళి అత్తగా ఎరిగినవాళ్లే ముందు వరసలో ఉంటారు, న్యాయనిర్ణేతల చేతిలో మార్కుల కాగితం ఉంటుంది. గ్రంథాలయం హాలు గానీ, ఎవరింటి డాబా గానీ చూసుకోండి. ముప్పై కుర్చీలు చాలు. వంటావిడను తప్పకుండా పిలవండి. ఆమె నవ్విన చోట, నవ్వని చోట గుర్తుపెట్టుకోండి. ఆమె కంటే పెద్ద న్యాయనిర్ణేత మీకు దొరకరు.

మీ దర్శకుణ్ని కూడా పిలవండి. మంచివాడని మీరే రాశారు. ఆయన మాట మీద కోపం ఉంచుకోకండి, ఆ మాట లేకపోతే మీరు ఈ ఉత్తరం రాసేవారు కాదు. ప్రదర్శన అయ్యాక ఏమీ అడగకండి.

తేదీ ఖాయమయ్యాక నాకు ఒక కార్డు ముక్క రాయండి. తెనాలి రైలెక్కి వస్తాను. కుర్చీ మాత్రం వెనక వరసలో ఎక్కడైనా వేయించండి. మోరో గురించి ఇంత చెప్పాక మీకు కోడిపిల్ల ఆలోచన రాకుండా ఉండదు, ముందు వరసలో కూర్చుంటే నన్నే పిలుస్తారేమోనని నా భయం.